పెద్ద ఊళ్లో పాతకాలపు కాక్‌టెయిల్ బార్‌ను పట్టుకోవడం ఎలా?

హనుమకొండలో ఒక ఏసీ బార్‌లో కూర్చుని, కొంచెం ధైర్యం చేసి, "ఓల్డ్ ఫ్యాషన్డ్ దొరుకుతుందా?" అని అడిగాను. విస్కీతో కలిపే పాతకాలపు కాక్‌టెయిల్ అది. కుర్రాడు కౌంటర్ దాకా వెళ్లి, అక్కడ ఇద్దరితో మాట్లాడి, తిరిగొచ్చి, "సార్, ఓల్డ్ మాంకే ఉంది. క్వార్టర్ తేవాల్నా, హాఫ్ తేవాల్నా?" అన్నాడు. అతని తప్పేం లేదు. మన దగ్గర తాగుడు లెక్క వేరు. క్వార్టర్, సోడా, పల్లీలు, బిల్లు. ఒక గ్లాసు కలపడానికి ఒక మనిషి ఐదు నిమిషాలు నిలబడతాడంటే మనవాళ్లు నమ్మరు.

నేను గ్రానైట్ అమ్మే పనిలో ఉన్నాను. కరీంనగర్ క్వారీల రాయి శాంపిళ్లు బ్యాగులో వేసుకుని పదిహేనేళ్లుగా హైదరాబాద్, బెంగళూరు, ముంబై, కోల్‌కతా తిరుగుతున్నాను. సాయంత్రం పని అయిపోయాక లాడ్జి గదిలో టీవీ ముందు కూర్చోలేక, ఊరికి ఒక పాతకాలపు బార్ వెతుక్కోవడం అలవాటైంది. మసక దీపం, చెక్క కౌంటర్, మాట వినపడేంత మెల్లగా పాట, వందేళ్ల కిందటి పద్ధతిలో కలిపిన ఒక గ్లాసు. మొదట్లో చాలాసార్లు మోసపోయాను. ఇప్పుడు తక్కువ. ఎలా వెతకాలో చెప్తాను.

అసలు ఈ విద్య మనకు రాదనుకోకండి. మంచి కల్లు కావాలంటే మనం బోర్డు చూసి పోతామా? ఏ గౌడన్న గీశాడు, తాడా ఈతా, ఏ వరస చెట్లు, లొట్టి ఎన్నింటికి దించాడు అని అడుగుతాం. కల్లు మండువలో కుర్చీలున్నాయా లేవా అని ఎవడూ చూడడు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, అదే కల్లు పొద్దుమూకే సరికి పులిసిపోతుంది. మనిషి, సరుకు, వేళ. కాక్‌టెయిల్ బార్‌కు కూడా చూడాల్సినవి ఈ మూడే. పట్నం పోగానే మాత్రం మనం ఇదంతా మర్చిపోయి గోడ మీద గ్రామఫోన్ చూసి లోపలికి దూరిపోతాం.

ముందు ఏ పాతదనం కావాలో తేల్చుకోండి

నిజంగా పాతవి కొన్ని ఉన్నాయి. ముంబైలో తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్లోని హార్బర్ బార్ 1933 నుంచి ఉంది. ఆ ఊళ్లో మొదటి బార్ లైసెన్సు దానిదే. కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లో ట్రింకాస్ ఉంది. 1969లో ఉషా ఉతుప్ పట్టుచీర కట్టుకుని పాడిన వేదిక అది. ఇలాంటి చోట మీరు ముఖ్యంగా చరిత్రకు డబ్బులు కడతారు. గ్లాసులో ఉన్నది బాగుండొచ్చు, మామూలుగా ఉండొచ్చు. రెండింటికీ సిద్ధపడి వెళ్లండి.

పాత క్లబ్బులు ఇంకో దారి. సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది. ఇలాంటి క్లబ్బుల్లో డబ్బులుంటే సరిపోదు, సభ్యుడు తోడు రావాలి. బిల్లు మీద సంతకం ఆయనే పెడతాడు, మీ నోట్లు అక్కడ చెల్లవు. కాలర్ ఉన్న చొక్కా, బూట్లు తప్పనిసరి. చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే మర్యాదగా వెనక్కి పంపిస్తారు. మీ చుట్టాల్లో రిటైర్డ్ ఆర్మీ ఆఫీసరో, పాత డాక్టరో ఉంటే ఒకసారి పలకరించి చూడండి.

రెండో రకం, కొత్తగా కట్టినా పాత పద్ధతి పాటించేవి. వీటినే స్పీక్‌ఈజీ అంటున్నారు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉండేది. ఆ రోజుల్లో బోర్డు లేకుండా, చాటుగా, గుసగుసగా నడిచిన బార్లకు వచ్చిన పేరు అది. మనకు ఇది చెప్తే అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పటి నుంచి 1997లో సడలించేదాకా మన వీధుల్లో ఏం జరిగిందో ఆ తరం వాళ్లకు గుర్తే. మా మేనమామ కాజీపేటలో ఉండేవాడు. మహారాష్ట్రలోని బల్లార్షా వైపు నుంచి వచ్చే రైలు దిగిన ఒకాయన పాలక్యాను తెచ్చేవాడు. అందులో పాలుండేవి కావు. మా మామ ఇంటి వెనక గది, చిన్న బల్బు, నలుగురు స్నేహితులు, రేడియో గొంతు తగ్గించి పెట్టడం. అదీ మన స్పీక్‌ఈజీ. ఇప్పుడు అదే వాతావరణానికి మనమే గ్లాసుకు వెయ్యి రూపాయలు ఇచ్చి మురిసిపోతున్నాం.

నిషేధం రోజుల్లో అమెరికాలో దొరికిన సారాయి చాలావరకు నాసిరకం. దాని ఘాటు కప్పడానికి పండ్లరసం, తేనె, చక్కెర బాగా పోసేవారు. పనితెలిసిన బార్‌టెండర్లలో కొందరు లండన్, పారిస్, హవానా వెళ్లిపోయారు. అందుకే చాటుమాటు తలుపు ఉన్నంత మాత్రాన మంచి గ్లాసు వస్తుందనుకోవద్దు. చరిత్రలో కూడా అలా జరగలేదు.

ఇప్పటి ఫ్యాషన్‌కు పెద్ద ఊపు న్యూయార్క్‌లో వచ్చింది. 1999 డిసెంబర్ 31న అక్కడ మిల్క్ అండ్ హనీ అనే చిన్న బార్ తెరిచారు. పెద్ద ఐస్ ముక్కలు, కొలిచి పోయడం, అరవకూడదనే నియమం, అందరికీ తెలియని ఫోన్ నంబర్. 2007లో అదే ఊళ్లో ఒక హాట్‌డాగ్ కొట్టులోని టెలిఫోన్ బూత్ గుండా లోపలికి వెళ్లే పీడీటీ అనే బార్ వచ్చింది. తర్వాత ఢిల్లీ వసంత్ విహార్‌లో పాస్‌కోడ్ కొడితే తలుపు తెరుచుకునే పీసీఓ అనే బార్ వచ్చింది. పీసీఓ అంటే మన తరానికి డబ్బులిచ్చి ఫోన్ చేసుకునే బూత్. పసుపు బోర్డు, మీటరు, బయట క్యూ కట్టిన జనం. పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

మూడో రకం వేషం. ఇటుక గోడ, పసుపు బల్బులు, రెక్సిన్ సోఫా, మూలన పనిచేయని టైప్‌రైటర్, తొమ్మిదింటికి డీజే. ఎక్కువ దొరికేవి ఇవే. వీటిని వదిలించుకోవడానికే ఈ కష్టమంతా.

ఫోన్‌లో వెతకడం

"వింటేజ్ బార్" అని వెతక్కండి. వేషాలన్నీ ముందుకొచ్చి నిలబడతాయి. "క్లాసిక్ కాక్‌టెయిల్స్" అని వెతకండి, లేదా నేరుగా ఒక డ్రింక్ పేరు, ఊరి పేరు కలిపి కొట్టండి. నెగ్రోనీ బెంగళూరు, సాజరాక్ ముంబై, ఇలా. సాజరాక్ ఉందని ఎవరైనా రాశారంటే అక్కడ పనితెలిసినవాడు ఒకడున్నాడనుకోవచ్చు.

మ్యాప్‌లో ఫొటోలు తెరిచి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. ఓనర్ పెట్టిన ఫొటోలు పక్కన పెట్టి, వచ్చినవాళ్లు తీసినవి చూడండి. మెనూ ఫొటో ఉందా, కౌంటర్ ఫొటో ఉందా, గ్లాసులో ఐస్ ఎలా ఉంది. అందరూ గోడ ముందు సెల్ఫీలే తీసుకుని, ఒక్కరూ గ్లాసును ఫొటో తీయలేదంటే విషయం అర్థమైపోయినట్టే.

తర్వాత తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి. ఇది నాకు అన్నిటికంటే పనికొచ్చిన కిటుకు. "బోర్ కొట్టింది, డీజే లేడు", "ఒక్క డ్రింక్‌కి పది నిమిషాలు తీసుకున్నాడు", "ప్లేసు చిన్నది, పెద్ద గ్రూపును రానివ్వలేదు" అని తిట్టారా? వెంటనే సేవ్ చేసుకోండి. వాళ్లకు నచ్చనిదే మనకు కావాల్సింది. "వాష్‌రూమ్ కంపు", "బిల్లులో తేడా" అని ఇద్దరు ముగ్గురు రాస్తే మాత్రం వదిలేయండి.

మెనూ దొరికితే రెండు నిమిషాలు దాని మీద పెట్టండి. ఓల్డ్ ఫ్యాషన్డ్, మ్యాన్‌హాటన్, మార్టినీ, డైకిరీ, గిమ్లెట్ లాంటి పేర్లు ఒకచోట ఉండాలి. ప్రతిదాని కింద ఏమేం పడతాయో రాసి ఉంటే ఇంకా మంచిది. మొదటి పేజీలోనే పిచ్చర్లు, బకెట్లు, పొగలొచ్చే డ్రింకులు ఉంటే అది వేరే రకం కొట్టు. డైకిరీ అంటే స్ట్రాబెరీ వేసి మిక్సీలో తిప్పింది తప్ప ఇంకోటి లేకపోతే కూడా వదిలేయొచ్చు. అసలు డైకిరీ క్యూబాది. తెల్ల రమ్ము, నిమ్మరసం, చక్కెర. అంతే.

పంచ్ ఉంటే ఆగి చూడండి. ఈ పేరు మన "పంచ" నుంచి వెళ్లిందని ఎక్కువమంది చెప్తారు. సారాయి, చక్కెర, నిమ్మ, నీళ్లు, మసాలా లేదా టీ, మొత్తం ఐదు. కాక్‌టెయిల్ అనే మాట పుట్టకముందే, 1600ల్లోనే, మన ఓడరేవుల్లో ఇంగ్లిష్‌వాళ్లు ఇది తాగారు. పంచ్‌ను శ్రద్ధగా పెట్టే బార్‌కు చరిత్ర మీద గౌరవం ఉన్నట్టు నా లెక్క.

ఒక ఫోన్ చేయండి

మనవాళ్లు ఇక్కడే మొహమాటపడతారు. సాయంత్రం ఐదింటికి, రద్దీ మొదలవకముందు, చేయండి. మొన్న హైదరాబాద్‌లో నేను మాట్లాడింది ఇదీ:

"హలో, ఇవాళ రాత్రి ఒక్కడినే వస్తున్నా. కౌంటర్ దగ్గర సీటు దొరుకుతుందా?"

"ఒక్కరేనా సార్? టేబుల్ ఇస్తాం సార్."

"టేబుల్ వద్దన్నా, కౌంటరే కావాలి. డీజే ఉన్నడా?"

"లేడు సార్. రికార్డులు పెడ్తం."

"నిమ్మరసం ఇవాళ్టిదేనా, సీసాదా?"

కాసేపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు. "సార్, మీరు ఏ బార్‌లో చేస్తరు?"

ఆ నవ్వు వినగానే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. అదే ప్రశ్నకు "హా సార్, అన్నీ ఉన్నయ్ సార్, రండి సార్" అని వస్తే ఇంకో నంబర్ చూసుకోండి. ఇంకో రెండు విషయాలు కూడా ఫోన్‌లోనే తేల్చుకోవాలి. కవర్ చార్జి, అంటే లోపలికి రానివ్వడానికి తీసుకునే డబ్బు, ఉందా, ఒంటరి మగవాళ్లను రానిస్తారా. శుక్ర, శనివారాల్లో చాలాచోట్ల జంటలకే ప్రవేశం. నూట నలభై కిలోమీటర్లు వచ్చి గేటు దగ్గర బతిమాలుకోవడం ఎందుకు?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు కొందరు ఇది చదువుతూ ఉండొచ్చు. న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని విసుగొస్తే, న్యూయార్క్ కార్లైల్ హోటల్లో బెమెల్‌మన్స్ బార్ ఉంది. గోడల నిండా బొమ్మలు, పియానో. పాట ఉన్న వేళ కవర్ చార్జి పడుతుంది. పాస్‌పోర్టు జేబులో పెట్టుకోండి. టిప్పు మన పది రూపాయల లెక్క కాదు, బిల్లులో పద్దెనిమిది నుంచి ఇరవై శాతం.

ఏ వేళ, ఏ సీటు

మంగళ, బుధ, గురువారాలు. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య. అప్పుడు బార్‌టెండర్‌కు తీరిక ఉంటుంది, చేతులు తాజాగా ఉంటాయి, నిమ్మకాయలు అప్పుడే కోసి ఉంటాయి. శనివారం రాత్రి పదింటికి వెళ్లి "ఇది బాగాలేదు" అనడం, పొద్దుగూకినాక మండువకు పోయి కల్లు పుల్లగా ఉందనడం లాంటిది.

నేను అదే తప్పు చేశాను. బెంగళూరులో ఒక చోట, పేరు ఎందుకులెండి, శనివారం రాత్రి వెళ్లాను. వెలుతురు లేదు, మార్టినీ అడిగితే వచ్చినదాంట్లో వెనిగర్ వాసన. వాపసు చేస్తే "ఇట్లే ఉంటది సార్" అన్నారు. రెండు గ్లాసులకు, ఒక ప్లేటు చికెన్‌కు నాలుగు వేలు కట్టి బయటపడ్డాను. ఆ వాసన ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది. ఆ సంగతికి వస్తాను.

తలుపు కనపడకపోతే ఆటో అన్నను అడగకండి, అతనికి తెలియదు. పక్క బిల్డింగ్ వాచ్‌మన్‌ను అడగండి. రాత్రి పన్నెండింటికి ఎవరు ఎటు నుంచి బయటికొస్తారో అతనికి తెలిసినంతగా మ్యాప్‌కు కూడా తెలియదు. పుస్తకాల బీరువా, ఫ్రిజ్ తలుపు, లిఫ్ట్‌లో లేని అంతస్తు లాంటివన్నీ చూశాను. మొదటిసారి సరదా. మూడోసారికి చిరాకు.

కూర్చున్నాక మొదటి మూడు నిమిషాలు

ఏమీ ఆర్డర్ చేయకండి. నీళ్లు అడిగి, చూడండి.

నా చేయి ముందు కౌంటర్ మీదకు పోతుంది, వృత్తి దోషం. పాత బార్లలో టేకు, పాలరాయి, కింద కాలు పెట్టుకోవడానికి ఇత్తడి కడ్డీ ఉంటాయి. పాలరాయి గురించి ఒక సంగతి చెప్తాను. దానికి నిమ్మరసం పడదు. పులుపు తగిలినచోట మెరుపు పోయి, మసక మచ్చ పడుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. రోజూ వంద నిమ్మకాయలు కోసే బార్‌లో పాలరాయి కౌంటర్ మీద గుండ్రటి గ్లాసు మచ్చలు, చుక్కల మచ్చలు ఉండి తీరాలి. వంగి, దీపం వైపు అడ్డంగా చూస్తే కనపడతాయి. అద్దంలా మెరిసే తెల్లరాయి కనపడితే అది పాలరాయి కాకుండా ఫ్యాక్టరీలో పోసిన క్వార్ట్జ్ అయినా అయ్యుండాలి, లేదా దాని మీద ఎవరూ నిమ్మకాయ పిండకపోయి ఉండాలి.

అయితే రాతిని నమ్మి నేను కూడా బోల్తాపడ్డాను. బెంగళూరులోనే ఒక పాత హోటల్ కింది అంతస్తులో బార్. లోపలికి వెళ్లగానే కౌంటర్ చూసి నవ్వొచ్చింది. మన టాన్ బ్రౌన్. నల్లటి రాయిలో ముదురు ఎర్రమట్టి రంగు గింజలు, కరీంనగర్‌లో ప్రతి రెండో ఇంటి వంటగదిలో ఉండే రాయి. ఇక్కడేం దొరుకుతుందిలే అని లేవబోయాను. అప్పుడే ఆ పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, ఫ్రీజర్‌లోంచి ఇటుకంత ఐస్ దిమ్మె తీశాడు. రంపపు పళ్ల కత్తి ఆనించి, పైనుంచి చిన్న చెక్క సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. ముక్క సూటిగా విడిపోయింది. దాని గుండా అవతల సీసా మీద అక్షరాలు చదవగలిగాను. మళ్లీ కూర్చున్నాను. నా జీవితంలో తాగిన మంచి ఓల్డ్ ఫ్యాషన్డ్ ఆ టాన్ బ్రౌన్ మీదే తాగాను.

కాబట్టి అన్నిటికంటే ముందు ఐస్ చూడండి. మధ్యలో బోలుగా, పల్చగా ఉండే మెషీన్ ముక్కలు గ్లాసులో పడగానే కరిగి నీళ్లవుతాయి. పెద్ద ముక్కకు బరువుతో పోలిస్తే చుట్టూ ఉండే ఉపరితలం తక్కువ, అందుకే నెమ్మదిగా కరుగుతుంది. చివరి గుటక దాకా రుచి నిలబడుతుంది. తేటగా ఉండడం కూడా ఊరికే రాదు. నీళ్లు అన్ని వైపుల నుంచి గడ్డకడితే లోపల గాలి ఇరుక్కుని తెల్లగా మారుతుంది. ఒకే వైపు నుంచి గడ్డకట్టనిస్తే గాలి, మలినం చివరికి నెట్టుకుపోతాయి. ఆ చివర కోసి పారేస్తారు. అంత ఓపిక ఐస్ మీద పెట్టినవాడు మిగతావాటి మీద కూడా పెడతాడు.

తర్వాత చేతులు. కొలత పాత్ర వాడుతున్నాడా, సీసా ఎత్తి గాల్లో పోస్తున్నాడా? సినిమా ఫీట్లు పెళ్లి సంగీత్‌కు బాగుంటాయి. ఇక్కడ కొలవాలి. నిమ్మరసం పడే డ్రింకును షేకర్‌లో గట్టిగా ఊపాలి, అన్నీ మద్యాలే ఉన్నదాన్ని చెంచాతో మెల్లగా తిప్పాలి. విస్కీ, వెర్మూత్ కలిసే మ్యాన్‌హాటన్‌ను షేకర్‌లో గలగలలాడిస్తే పని సగమే వచ్చన్నమాట.

ఇక వెర్మూత్. ఇది సారాయి కాదు, మూలికలు వేసిన వైన్. మూత తీశాక గాలి తగిలి రోజురోజుకీ చెడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. వెనక అరలో, వెచ్చటి బల్బు కింద, సగం ఖాళీ అయిన వెర్మూత్ సీసా దుమ్ము పట్టి కనపడితే ఆ బార్‌లో వెర్మూత్ పడే మార్టినీ, నెగ్రోనీ అడగకండి. నాలుగు వేల రూపాయల వెనిగర్ వాసన నాకు నేర్పిన పాఠం ఇదే.

ఏం అడగాలి

మొదటి గ్లాసు పరీక్ష. విస్కీ ఇష్టమైతే ఓల్డ్ ఫ్యాషన్డ్, పులుపు ఇష్టమైతే డైకిరీ. రెండిట్లో దాక్కోవడానికి చోటు లేదు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెప్పింది: మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం. ఓల్డ్ ఫ్యాషన్డ్ ఇప్పటికీ అదే. అరవై మిల్లీలీటర్ల విస్కీ, కొంచెం చక్కెర, రెండు మూడు చుక్కల బిట్టర్స్, ఐస్, పైన నారింజ తొక్క. ఆ తొక్కను గ్లాసు మీద మెలిపెట్టినప్పుడు సన్నటి నూనె తుంపర లేస్తుంది. మీ ముక్కుకు ఆ వాసన ముందు చేరాలి, విస్కీ తర్వాత. తొక్కను ఊరికే గ్లాసులో పడేశాడంటే పని ఎగ్గొట్టినట్టు.

బిట్టర్స్ సీసా కూడా చూడండి. సీసా కంటే లేబుల్ పెద్దదిగా, మెడ దాకా కాగితం చుట్టుకుని ఉండేది ఆంగోస్తురా. 1824లో వెనిజువెలాలో ఒక జర్మన్ డాక్టర్ కడుపు నొప్పుల మందుగా చేశాడు, ఇప్పుడు ట్రినిడాడ్‌లో తయారవుతుంది. నాకు దాని వాసన మన ఇంట్లో కషాయం కాచినప్పటి వాసనలా తోస్తుంది.

మెనూలో లేని వింతపేరు చెప్పి అవతలివాడిని ఇరికించాలని చూడకండి. "నాకు తీపి తక్కువ, కొంచెం చేదు ఓకే, రమ్ము ఇష్టం" అని మీ నాలుక సంగతి చెప్పండి చాలు. వంటమనిషికి చెప్పినట్టే. రెండో గ్లాసు అతనికే వదిలేయండి. ప్రతి గ్లాసు తర్వాత ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఈ గ్లాసులు చూడ్డానికి చిన్నవి, లోపల మాత్రం పెద్ద పెగ్గు ఉంటుంది. కొన్నిట్లో పెగ్గున్నర. రెండు దాటితే రుచి తెలియదు, డబ్బులు దండగ.

బిల్లు, చట్టం, తిరుగు ప్రయాణం

పెద్ద ఊళ్లలో మంచి చోట ఒక గ్లాసు వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది, స్టార్ హోటల్ అయితే ఇంకా పైన. మద్యం మీద జీఎస్టీ ఉండదు, రాష్ట్రం వేసే వ్యాట్ ఉంటుంది. జీఎస్టీ తిండి మీదే. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, వద్దంటే తీసేయాలి. నేనైతే అది తీసేయించి, ఆ డబ్బులు నేరుగా బార్‌టెండర్ చేతిలో పెడతాను.

వయసు లెక్క రాష్ట్రానికొకటి. తెలంగాణలో 21, మహారాష్ట్రలో విస్కీ లాంటివాటికి 25. కుర్ర మొహం ఉన్నవాళ్లు ఆధార్ పెట్టుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2న బార్లు మూసి ఉంటాయి, ఎన్నికలప్పుడు కూడా. ఆ తేదీల్లో ప్లాన్ వేసుకుని టెన్షన్ పడకండి.

బండి మాత్రం వద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. ఒక్క ఓల్డ్ ఫ్యాషన్డ్ చాలు మిమ్మల్ని ఆ గీత దగ్గరికి తీసుకెళ్లడానికి. తాగినాక రాత్రికి రాత్రి ఉప్పల్ రింగ్‌రోడ్డు నుంచి కారులో వరంగల్ బయల్దేరే హీరోలను చూశాను, ఒకాయన భువనగిరి దాటలేదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర గది తీసుకోండి, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.

లేచే ముందు అడగాల్సిన ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మొదటి బార్ దొరికేదాకానే. ఒక్క మంచి బార్‌టెండర్ దొరికాక ఇక ఫోన్‌తో పని లేదు. బిల్లు కట్టాక, మెల్లగా, "మీకు సెలవు దొరికితే మీరు ఎక్కడికి వెళ్లి తాగుతారు?" అని అడగండి. "ఏ బార్ బాగుంటుంది?" అంటే పెద్ద పేర్లు చెప్తాడు. సెలవు రోజు సంగతి అడిగితే నిజం చెప్తాడు. అక్కడ ఎవరు పనిచేస్తారో, ఏ రోజు ఉంటాడో కూడా అడిగి, గ్లాసు కింద పెట్టే కోస్టర్ అట్టముక్క వెనక రాయించుకోండి. వీళ్లంతా ఒకరికొకరు తెలుసు, ఊళ్లు దాటి కూడా. నా బ్యాగులో గ్రానైట్ శాంపిళ్ల కింద అలాంటి కోస్టర్లు ఇరవై దాకా ఉన్నాయి. కోల్‌కతాలో ఒకతను రాసిచ్చిన కోస్టర్‌తో ముంబైలో తలుపు తెరిపించుకున్నాను.

టాన్ బ్రౌన్ కౌంటర్ పెద్దాయన కూడా రాసిచ్చాడు. రాసిచ్చి, ఇంకో కోస్టర్ నా ముందుకు తోసి, "మీ ఊరికి వస్తే నేనెక్కడికి వెళ్లాలి?" అని అడిగాడు. ఆలోచించే పనే లేకపోయింది. ధర్మసాగర్ దారిలో మా గౌడన్న పేరు, చెరువు కట్ట దిగాక ఎడమ చేతి వరస చెట్లు, చలికాలమైతే ఈత, ఎండాకాలమైతే తాటి అని రాశాను. కింద గీత గీసి, "పొద్దున ఏడులోపు" అని చేర్చాను. ఆయన చదివి, కోస్టర్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, "గ్లాసులు ఉంటాయా, తెచ్చుకోవాలా?" అన్నాడు.

తాటాకు అక్కడే మడిచి ఇస్తారని చెప్పాను.